బుడమేరు వెంట ఆరు పలకలు

2025 జనవరి 19

ఇవాళ బకెట్ మూత తీశాను.

పోయిన సెప్టెంబరు నుంచి మేడ మీద ట్యాంకు పక్కన పడి ఉంది. ఇరవై లీటర్ల పెయింటు బకెట్టు, సగం దాకా బురద. వరద తీసి ఇల్లు కడుక్కుంటున్న రోజుల్లో వీధి వీధంతా బురదను బయటికి తోస్తుంటే నేను ఒక బకెట్టు ఎత్తి పక్కన పెట్టాను. మా ఆయన చూసి, "తొమ్మిది రోజులు అందులోనే ఉన్నాం, ఇంకా చాల్లేదా?" అన్నారు. ఎందుకు దాచానో అప్పటికి నాకూ తెలీదు. పారబోయడానికి చెయ్యి రాలేదు, అంతే. మంచం కింద, బీరువా కింద పేర్చుకున్న నలభై చిల్లర బొమ్మలు నాని కరిగి ఆ బురదలోనే కలిశాయి మరి.

మాది విజయవాడ సింగ్ నగర్. 2024 ఆగస్టు 31న కురిసిన వాన, సెప్టెంబరు 1 ఆదివారం బుడమేరై మా గుమ్మంలోకి వచ్చింది. మైలవరం వైపు కొండల్లో పుట్టే ఈ ఏరుని వెలగలేరు దగ్గర ఒక కాలువతో కృష్ణలోకి మళ్లిస్తారు. ఆ రోజుల్లో కృష్ణే నిండుగా ఉంది. మర్నాడు ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చిందన్నారు, అంత నీరు అక్కడ ఎప్పుడూ చూడలేదట. నిండిన నదిలోకి కాలువ ఎలా పోతుంది? మూడు చోట్ల గండ్లు పడ్డాయి. మిగతాది ఊరంతా చూసిందే. హాలు గోడ మీద నీళ్ల చార ఇప్పటికీ నా భుజం ఎత్తున ఉంది. మిగతా ఇంటికంతా రంగులేయించాం, ఆ గోడ ఒక్కటీ నేను ముట్టుకోనివ్వలేదు.

బకెట్టులో పైన రెండు వేళ్ల మందాన నీళ్లు తేరుకుని ఉన్నాయి. కింద బురద మెత్తగా, బూడిద రంగులో, వాసన మాత్రం చెప్పుకోకూడదు. చూస్తూ కూర్చుంటే ఆలోచన ఒకటి వచ్చింది. ఈ ఏరు ఎక్కణ్నుంచి మా ఇంటికొచ్చిందో, మా ఇంటి నుంచి ఎక్కడికి పోయిందో ఆ దారంతా వెళ్లాలి. ఆరు మజిలీలు, ఆరు పలకలు. ఏ మజిలీ బొమ్మ ఆ మజిలీలో దొరికిన వాటితోనే. కొండ, వెలగలేరు, మా ఇల్లు, ఊరు దాటాక పొలాలు, కొల్లేరు, చివర సముద్రానికి పోయే ఉప్పుటేరు.

జనవరి 26

పలకలు తయారు. మెరైన్ ప్లైవుడ్, పన్నెండు మిల్లీమీటర్లది, ఎనిమిదడుగుల షీట్లు రెండు. నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పున కోయిస్తే షీటుకి నాలుగు వచ్చాయి. ఆరు పనికి, రెండు చెడగొట్టుకోడానికి. ఈ వయసుకి తెలిసొచ్చిన సంగతి ఏంటంటే, చెడగొట్టుకోడానికి ముందే కొని పెట్టుకోవాలి.

కాన్వాసు ఎందుకు కాదంటే, మట్టి ఎండాక బిరుసు. గుడ్డ కదులుతుంది, మట్టి కదలదు, పెచ్చులూడుతుంది. చెక్క మీద పాత కాటన్ చీర అతికించి, దాని మీద పని చేస్తే పట్టు ఉంటుంది. వెలగలేరు పలకకి మాత్రం చీర బదులు పెడన నుంచి తెప్పించిన కరక్కాయ పట్టించిన గుడ్డ. అద్దకం వేసేవాళ్ల దగ్గర దొరికేదే. ఎందుకో ఆ పలక దగ్గర చెప్తాను.

ఫిబ్రవరి 2

కొండపల్లి. కొండలోంచి ఎర్రగరప మట్టి ఒక సంచి, దారి పక్క కోతపడిన గట్టులోంచి పసుపు మట్టి కొంచెం తెచ్చుకున్నాను. బొమ్మల కాలనీలో నాకు పాతికేళ్లుగా తెలిసిన బాబాయి ఒకాయన ఉన్నారు. తెల్లపొణికి చెక్క పొట్టు కావాలని అడిగితే నవ్వారు. "పొట్టు ఏం చేసుకుంటావమ్మా? బొమ్మ తీసుకెళ్లు."

"మక్కు పెట్టుకుందామని బాబాయ్. పలక మీద కొండ లేవాలి."

కొండపల్లి బొమ్మకి చేతులూ కాళ్లూ విడిగా చెక్కి అతికించేది ఈ మక్కుతోనే. చింతగింజల పొడి ఉడికించిన జిగురులో చెక్కపొట్టు కలిపి పిసుకుతారు. ఎండితే చెక్కతో సమానం. షాపుల్లో ఖరీదు పెట్టి కొనే టెక్స్చర్ పేస్టు చేసే పనంతా ఇదీ చేస్తుంది. ఇరవై ఏళ్లు నేను ఆ డబ్బాలు హైదరాబాద్ నుంచి తెప్పించుకున్నాను. కొండపల్లి మా ఇంటికి గంట దూరం కూడా లేదు.

బాబాయి రెండు జాగ్రత్తలు చెప్పారు. గింజలు వేయించి, పొట్టు తీసి, రాత్రంతా నానబెట్టాకే రుబ్బాలి, లేకపోతే పలుకు తగులుతుంది. జిగురులో చిటికెడు మైలుతుత్తం వెయ్యాలి, లేకపోతే పురుగు తినేస్తుంది. "విషం తల్లీ, చేతులు కడుక్కో" అని రెండుసార్లు అన్నారు.

ఫిబ్రవరి 11

పలక 1 వంగింది.

మక్కు బాగానే కలిసింది. అరచేత్తో మెత్తుతుంటే కొండలు వాటంతటవే లేచాయి. ఉత్సాహంలో అంగుళం మందం వేసేశాను. మూడో రోజుకి మక్కు ఎండుతూ ముడుచుకుంది. ముడుచుకుంటూ పలకను తనవైపు లాక్కుంది. నేల మీద పెడితే పడవలా ఊగుతోంది. తప్పు నాదే: ముందు వైపు ఎన్ని పూతలు వేస్తే వెనక వైపూ అన్ని వెయ్యాలి, మందం ఒకేసారి కాక పొరలు పొరలుగా ఎక్కించాలి. పదిహేనేళ్ల నుంచి పిల్లలకు నేను చెప్పే పాఠమే ఇది.

మక్కు తడిపి ఊడదీశాను. చింతగింజల జిగురు నీళ్లకు మెత్తబడుతుంది కాబట్టి సరిపోయింది. అది మంచికో చెడుకో తర్వాత చూడాలి.

ఫిబ్రవరి 16

మట్టి రంగులు. ఇందులో కష్టమేమీ లేదు, ఓపిక కావాలి. ఎండిన మట్టిని రోట్లో దంచి, బకెట్టు నీళ్లలో కలిపి, ఒక్క నిమిషం ఆగాలి. ఇసుక అడుక్కి పోతుంది. పైన తేలే మురికి నీళ్లను ఇంకో బకెట్లోకి వంచి రాత్రంతా వదిలేస్తే పొద్దుటికి అడుగున వెన్నలాంటి మట్టి. ఎండబెట్టి పాత వాయిల్ చీరతో వస్త్రగాలితం పట్టాను. కిలో ఎర్రగరపకి వంద గ్రాములు కూడా రాలేదు.

పసుపు మట్టిని పెనం మీద వేయిస్తే ఎర్రబడుతుంది. అందులో నీటిని పట్టుకుని ఉన్న ఇనుము ఉంటుంది, వేడికి ఆ నీరు పోతే ఎరుపు మిగులుతుంది. ఒకే మట్టిలో నాలుగు రంగులు: పచ్చిది, పది నిమిషాలు వేగినది, అరగంట వేగినది, మర్చిపోయి మాడిపోయినది. నాలుగోదే అన్నింటికంటే బాగుంది. కాస్త ఊదా కలిసిన ఎరుపు.

వరద బురదను మాత్రం వంటింట్లోకి రానివ్వలేదు. అందులో ఊరి మురుగంతా ఉంది. మేడ మీద రేకుల్లో పరిచి ఎండబెట్టాను. ఏప్రిల్ దాకా ఎండనిస్తాను, ఆ తర్వాతే పలకల మీద వాడటం, ఎప్పుడు ముట్టుకున్నా గ్లవ్స్‌తోనే.

ఫిబ్రవరి 23

ఈరోజు చేసిన పని చిన్నది, వెనకున్న కథ పెద్దది.

చీర ముక్క మీద తొమ్మిది రంగుల పట్టీలు గీశాను. పసుపు, మోదుగపువ్వు, నీలి, కరక్కాయ నలుపు, దీపం మసి, ఎర్రగరప, వేయించిన మట్టి, వరద బురద, నల్లరేగడి. సగం నల్ల కాగితంతో కప్పి మేడ మీద కిటికీకి దక్షిణం వైపు తగిలించాను. జూన్ దాకా అక్కడే.

కథ 2009 నాటిది. నేను డ్రాయింగ్ లోయరు, హయ్యరు పరీక్షలు రాసి, టీచరు శిక్షణ (టీటీసీ) చేసి, 1993 నుంచి ప్రైవేటు బడిలో డ్రాయింగ్ టీచర్ని. సాయంత్రాలు ఇంట్లో బొమ్మలు. మొదట్లో అందరిలాగే సీనరీలు వేశాను. కొండల మధ్య సూర్యుడు, కొబ్బరిచెట్లు, పడవ. అడిగినవాళ్లకి అడిగినట్టు. కాలేజీ రోజుల్లో రాజమండ్రిలో దామెర్ల రామారావు గారి బొమ్మలు చూసి వచ్చి వారం రోజులు నిద్రపోలేదు. ఆయన 1897లో పుట్టి 1925లో పోయారు. ఇరవై ఎనిమిదేళ్లు కూడా నిండలేదు. ఆ వయసుకి నేను కాలెండరు సీనరీల్లోనే ఉన్నాను.

తర్వాత నెమ్మదిగా బొమ్మలోకి ఆకులొచ్చాయి, బెరడొచ్చింది, గోనెపట్టా వచ్చింది. కారణం గొప్పదేం కాదు, మంచి రంగుల ట్యూబులు కొనే డబ్బుల్లేవు. అప్పుడే 1912లో పికాసో కాన్వాసు మీద మేదర అల్లిక బొమ్మ అచ్చేసిన ఆయిల్‌క్లాత్ ముక్క అతికించి, చుట్టూ తాడు కట్టాడని చదివి, ఇది పేదరికం కాదు, దీనికి మిక్స్‌డ్ మీడియా అని మర్యాదైన పేరు కూడా ఉందని ధైర్యం తెచ్చుకున్నాను.

2009లో ఒక డాక్టరు గారు నా బొమ్మ కొన్నారు. వరిచేను. పసుపు కొమ్ములు, మోదుగపూలు ఉడికించి వేసిన రంగులు. అప్పట్లో నాకది పెద్ద మొత్తం. రెండేళ్లకు ఫోన్ చేశారు. "అమ్మా, మీ చేను ఎండిపోయిందండీ." వెళ్లి చూస్తే నిజమే. కిటికీ ఎదురు గోడ. పసుపు పూర్తిగా పోయింది, మోదుగపువ్వు గోధుమరంగు చార అయింది. మిగిలింది అడుగున మట్టి గీతలు. ఆయన కోప్పడలేదు, అదే సిగ్గనిపించింది. బొమ్మ వెనక్కి తెచ్చుకుని వేరేది ఇచ్చాను. డబ్బు తక్కువ తీసుకున్నానని మా ఆయన సణిగారు.

ఆ వెలిసిన బొమ్మను ఎవరి కంటా పడకుండా హాల్లో తలుపు పైన ఎత్తున కొట్టించాను. వరదలో నలభై బొమ్మలు పోయాయి. ఇంట్లో మిగిలింది అదొక్కటే.

మార్చి 2

కొల్లేరు. కైకలూరు దాకా బస్సు, అక్కణ్నుంచి ఆటోలో ఆటపాక. చెట్ల మీదా, దిమ్మెల మీదా గూడబాతులు ఇంకా ఉన్నాయి. పిల్లలు పెద్దవైపోయాయి, తల్లి గొంతులోకి తల దూర్చి తిండి లాక్కుంటుంటే ఎవరు ఎవర్ని మింగుతున్నారో తెలియలేదు. స్కెచ్ పుస్తకం తీసి కూర్చున్నాను గానీ చెయ్యి కదల్లేదు. నేను పక్షుల బొమ్మలు వెయ్యను. వేసినవన్నీ టపాల బిళ్లల్లా వస్తాయి.

గట్టు మీద ఒక ఈక దొరికింది. బూడిద తెలుపు, జానెడు పొడుగు. సంచిలో పెట్టుకోబోతే అక్కడి వాచర్ చూశాడు. "మేడమ్, ఈక కూడా తీసుకెళ్లకూడదండి. శాంక్చురీ." 1999లో కొల్లేరును అభయారణ్యం చేసి ఇరవై అయిదేళ్లు దాటింది, 2002లో అంతర్జాతీయ చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలోకి కూడా ఎక్కింది. ఇవన్నీ చదువుకుని వెళ్లినదాన్నే. ఈక కింద పెట్టేశాను. ఆ అబ్బాయి మొహమాటపడి, "ఫోటో తీసుకోండి మేడమ్" అన్నాడు.

అందుకని కొల్లేటి లోపల ఏమీ ముట్టుకోలేదు. తిరిగి వచ్చేదారిలో పంటకాలువలో అడ్డుపడిన గుర్రపుడెక్క రైతులు తీసి గట్టు మీద పోశారు. "ఒక బస్తా తీసుకోనా?" అంటే, "లారీ తెచ్చుకోండమ్మా" అన్నారు.

కొల్లేరులోకి బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు వస్తాయి, ఉప్పుటేరు ఒక్కటే సముద్రానికి తీసుకెళ్తుంది. అటు కృష్ణ డెల్టా, ఇటు గోదావరి డెల్టా, మధ్య పళ్లెంలాంటి పల్లం. మా హాల్లో తిరిగిన నీళ్లు ఇక్కడికొచ్చే చేరాయి. గట్టు మీద నిలబడి ఎంతసేపు చూసినా, బొమ్మ కోసం చూస్తున్నానా, నా బొమ్మల కోసం చూస్తున్నానా అన్నది తేలలేదు.

మార్చి 15

గుర్రపుడెక్క కాగితం, మూడో ప్రయత్నం.

పది కిలోల కాడలు తరిగితే చాలా అనిపిస్తుంది. అందులో తొమ్మిది కిలోలకు పైగా నీళ్లే. వాషింగ్ సోడా వేసి మూడు గంటలు ఉడికించి, కడిగి, కడిగి, మళ్లీ కడిగి, రోకలితో దంచితే చివరికి రెండు గుప్పెళ్ల నార. మొదటిసారి ఆ నార ఒక్కదాంతో కాగితం పోశాను. ఎండాక అప్పడంలా ముడుచుకుని, వేలితో తడితే పుటుక్కుమంది. రెండోసారి దంచింది చాల్లేదు, పీచులు పీచులుగా వచ్చింది. ఈసారి పాత కాటన్ పంచె నానబెట్టి దంచిన గుజ్జు సగం కలిపాను. జల్లెడ ఫ్రేమ్ నీళ్లలో ముంచి ఎత్తి, చీర మీద బోర్లించి, బరువు పెట్టాను.

వచ్చింది. ఆకుపచ్చ పోయి లేత ఖాకీ రంగు, అక్కడక్కడా కాడ ముక్కలు. కాంతికి ఎత్తి పట్టుకుంటే అడుగు కనిపించని నీళ్లలా ఉంది. పది షీట్లు పోశాను. నడుం పట్టేసింది.

మార్చి 30, ఉగాది

పండగ పూట పని వద్దన్నారు. పలక 1కి మక్కు మూడో పొర మాత్రం వేశాను. ఈసారి వెనక కూడా వేశాను. వంగలేదు.

ఏప్రిల్ 13

వెలగలేరు పలక. ఇది రెండు రోజుల్లో అయిపోయింది, బహుశా మొత్తంలో సులువైనది ఇదే.

వరదలో మా ఇనుప బీరువా కింది తలుపు తుప్పు పట్టి చిల్లులు పడింది. పాత సామాన్లవాడికి ఇచ్చేముందు తుప్పంతా గీకి పెట్టుకున్నాను. మూడు వారాల క్రితం దాన్నీ, బెల్లం నీళ్లనీ కుండలో వేసి మూతి కట్టాను. కలంకారీవాళ్ల నలుపు ఇలాగే పులియబెడతారు. ఇవాళ కుంచె ముంచి కరక్కాయ గుడ్డ మీద గీస్తే మొదట పలచటి చాయనీళ్లలా ఉంది. చూస్తూ చూస్తూ ఉండగానే నల్లబడింది. కరక్కాయలోని వగరూ, ఇనుమూ కలిసిన చోట పుట్టే నలుపు అది. పెడన గుడ్డ తెప్పించింది ఇందుకే.

గేట్ల గీతలు నిలువుగా ఎనిమిదో తొమ్మిదో లాగాను. లెక్క చూసి వెయ్యలేదు, ఇంజినీర్లు క్షమించాలి. అక్కణ్నుంచి రెండు దార్లు, ఒకటి కృష్ణ వైపు, ఒకటి మా వైపు. మా వైపు గీత గీసేటప్పుడు కుంచె వదిలేసి కుండే వంచాను.

ఈ నలుపుతో ఒక చిక్కు ఉంది. ఏళ్లు గడిచేకొద్దీ గుడ్డను తినేస్తుంది. పాత అద్దకం గుడ్డల్లో నల్ల గీతలున్న చోటే చిరుగులు పడి ఉండటం నేను చూశాను. అడుగున చెక్క ఉంది కదా అని సర్దిచెప్పుకున్నాను.

ఏప్రిల్ 27

జిగురు గొడవ. నాలుగు చిన్న ముక్కల మీద ఒకే వరద బురద, నాలుగు రకాల జిగురుతో.

తుమ్మజిగురుతో మట్టి మట్టిలాగే ఉంటుంది, అందంగా ఎండుతుంది, కానీ తడి చెయ్యి తగిలితే వచ్చేస్తుంది. చింతగింజల జిగురు కాస్త గట్టి, వానాకాలం బూజు భయం. ఫెవికాల్‌తో అతుక్కుంటుంది గానీ రంగు చచ్చిపోయి, సిమెంటులా కనిపిస్తుంది. ఆక్రిలిక్ మీడియం ఒకటికి మూడు పాళ్లు నీళ్లు కలిపితే నీళ్లకు కదలదు, మెరుపూ తక్కువే. చిక్కగా వేస్తే మాత్రం బురద మీద ప్లాస్టిక్ కవరు తొడిగినట్టుంటుంది.

నాలుగు ముక్కల్నీ బకెట్టు నీళ్లలో వేసి రాత్రంతా వదిలేశాను. చేతికందిన అన్నిటికీ వరద పరీక్ష పెట్టడం అలవాటైపోయింది మా ఇంట్లో.

పొద్దున తుమ్మజిగురు ముక్క మీద ఏమీ లేదు. బకెట్టు అడుగున ఉంది.

మే 11

నల్లమట్టి పగుళ్లు. డెల్టా నల్లమట్టికి తడిస్తే ఉబ్బి, ఎండితే ముడుచుకునే గుణం. పొలంలో మే నెలలో చెయ్యి దూరేంత పగుళ్లు చూస్తాం కదా, అదే. పలక మీద పలచగా వేస్తే సన్నటి వల, మందంగా వేస్తే పెంకులు. సన్న ఇసుక, తరిగిన వరిగడ్డి కలిపితే పగుళ్లు తగ్గాయి. వెనకటి గోడలకు పెట్టిన మట్టిలో గడ్డి ఊరికే వెయ్యలేదు.

పలక 4 పొలాలకు పగుళ్లు అలాగే వదిలాను, సందుల్లో వేయించిన ఎర్రమట్టి నీళ్లు పోశాను. ఆ పలక గురించి ఇంతకంటే చెప్పేదేం లేదు. పలక 5లో మాత్రం మట్టి మీద గుర్రపుడెక్క కాగితం పరిచి, అంచులు తడిపి చింపి, ఒకదాని మీద ఒకటి. పక్షులు లేవు. ఈక పెట్టుకోవాలనుకున్న చోట దాని ఆకారంలో ఖాళీ వదిలాను, అడుగు చీర కనబడేలా.

జూన్ 8

మూడో పలక, మా ఇల్లు. ఇన్నాళ్లూ తప్పించుకుని తిరిగింది దీన్నే.

చిన్నప్పుడు రూపాయి బిళ్ల మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దని వాళ్లుంటారా? 1925లో మాక్స్ ఎర్నెస్ట్ అనే జర్మన్ చిత్రకారుడు ఫ్రాన్సులో సముద్రపు ఒడ్డున ఒక సత్రంలో దిగి, గది చెక్కనేల మీద కాగితాలు పరిచి ఇలాగే రుద్దాడు. చెక్క గీతల్లోంచి అడవులూ జంతువులూ కనిపించాయట. దానికి ఫ్రొటాజ్ అని పేరు పెట్టి చరిత్రలోకి ఎక్కాడు. మన పిల్లలు రూపాయి దగ్గరే ఆగిపోయారు.

నేను హాలు గోడ మీద గుడ్డ పరిచి, మైనం కలిపిన దీపం మసితో రుద్దాను. ఇటుక వరసలు, రాలిన సున్నం, మేకుల గుంటలు, అడ్డంగా నీళ్ల చార. చారకి కింద గోడ గరుకు, పైన నునుపు. రుద్దుతుంటే చేతికి తెలిసిపోతుంది, కళ్లు మూసుకున్నా ఇక్కడిదాకా వచ్చిందని చెప్పొచ్చు. రెండుసార్లు ఆపి మంచినీళ్లు తాగాను.

చారకి కింద నానిపోయిన రిజిస్టర్ల కాగితాలు అతికించాను. ఇరవై ఏళ్ల బడిలో నేను రాసుకున్న మార్కుల పుస్తకాలు. సిరా కరిగిపోయి పేర్లు ఏవీ చదవడానికి లేవు, పదికి ఆరు, పదికి ఏడు లాంటి అంకెలు మాత్రం అక్కడక్కడా. వాటి మీద బురద, పలచటి ఆక్రిలిక్‌తో, ఏడు పూతలు. చారకి పైన ఏమీ వెయ్యలేదు.

మా ఆయన వచ్చి చాలాసేపు చూశారు. "వాసన రావట్లేదే" అన్నారు. మెచ్చుకున్నట్టే లెక్క.

జూన్ 22

కిటికీకి కట్టిన పట్టీలు దింపి నల్ల కాగితం తీశాను. పసుపు ఎండ తగిలిన సగంలో అసలు లేదు. నిజానికి రెండో వారంలోనే పోయింది, నేను చూసీ చూడనట్టు ఊరుకున్నాను. మోదుగపువ్వు గోధుమ రంగు. నీలి కొంచెం తగ్గింది. కరక్కాయ నలుపు కాస్త ఎర్రబారింది. దీపం మసి, మట్టి రంగులు నాలుగూ, కప్పిన సగానికీ కప్పని సగానికీ తేడా లేదు.

అందుకని ఆరు పలకల్లోనూ పసుపు లేదు. వరిచేనుకి కూడా. డాక్టరు గారికి ఇప్పుడు బాకీ తీరినట్టు.

జులై 13

ఉప్పుటేరు పలకకి చెమట పడుతోంది.

మే చివర్లో దీన్ని చేసినప్పుడు నాకే ముచ్చటేసింది. బూడిద మట్టి మీద కళ్లుప్పు చిక్కటి ద్రావణం పోసి ఎండలో పెడితే, సాయంత్రానికి తెల్లటి స్ఫటికాలు అంచుల నుంచి అల్లుకుంటూ వచ్చాయి. నేను గీయని గీతలు. ఇప్పుడు వానలు మొదలయ్యాక పొద్దున్నే చూస్తే బొట్లు బొట్లుగా కారుతోంది. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు నీరు పట్టుకుంటుంది, మన ఊళ్లో వానాకాలమంతా అంతే కదా. వంటింట్లో ఉప్పు జాడీ చేసే పనే పలకా చేస్తోంది.

వార్నిష్ కొట్టి లోపల బంధించవచ్చు. చెడగొట్టుకోడానికి ఉంచిన ఏడో పలక మీద కొట్టి చూశాను. స్ఫటికాలు గాజుపెంకుల్లా అయిపోయాయి, అడుగున చిక్కిన తేమకి మబ్బు పట్టింది. రెంటికీ చెడింది.

హైదరాబాద్ నుంచి ఈ పలకల ప్రదర్శన చూసుకునే అమ్మాయి ఫోన్ చేసింది. "మేడమ్, ఎన్నేళ్లుంటుందని అడిగితే ఏం చెప్పమంటారు?"

అయిదింటికి చెప్పగలను. మట్టి, మసి, చెక్క మీద గుడ్డ. నేను పోయాక కూడా ఉంటాయి. వెలగలేరు పలక మీద నలుపు కాస్త ఎరుపెక్కుతుందని ముందే రాసి ఇస్తాను. ఉప్పుటేరుది మాత్రం అమ్మకానికి కాదన్నాను. ట్రేలో నిలబెట్టి పెడదాం, వానపడిన రోజు కారుతుంది, ఎండ రోజు ఆరుతుంది, కారిన ఉప్పునీళ్లు నేనొచ్చి మళ్లీ పలక మీద పోసి వెళ్తాను. ఆ అమ్మాయి ఒక నిమిషం మాట్లాడలేదు. తర్వాత, "ట్రే మీరు తెస్తారా, మేం చేయించాలా?" అంది. పనిమంతురాలు.

బ్రోషర్‌లో నా పేరు కింద ఏం రాయాలని కూడా అడిగింది. ఇదివరకు అన్నిచోట్లా "ప్రకృతి చిత్రకారిణి" అని వేసేవారు. ఆ మాట చదివినప్పుడల్లా నాకు ఆ సీనరీల సూర్యుడే గుర్తొస్తాడు. ఊరి పేరు వెయ్యమన్నాను.

ఆగస్టు 17

పలక 1 వెనక బూజు. చింతగింజల మక్కు, వానాకాలం, గోడకి ఆనించి పెట్టడం, ఇంకేం కావాలి? వెనక వైపు మక్కు కలిపినప్పుడు మైలుతుత్తం వెయ్యడం మర్చిపోయాను. ముందు వైపు శుభ్రంగా ఉంది. పొడిగుడ్డతో తుడిచి, మైలుతుత్తం నీళ్లు పూసి, ఫ్యాను కింద రెండు రోజులు. బాబాయికి ఫోన్ చేసి చెప్తే, "రెండు వైపులా తింటుందమ్మా పురుగు, నువ్వు ఒక వైపే భోజనం ఆపావు" అన్నారు.

సెప్టెంబరు 1

ఏడాది అయింది. ప్యాకింగుకి ముందు ఆరింటినీ హాల్లో వరసగా నిలబెట్టాను, మూడోదాన్ని అదే గోడకి, చార చారకి కలిసేలా స్టూలు మీద ఎత్తి. తలుపు పైన డాక్టరు గారి వరిచేను.

పక్కింటి పిన్నిగారు పెరుగు అడగడానికి వచ్చి లోపలికొచ్చారు. బొమ్మలంటే ఆవిడకి ఆసక్తి లేదు, నా పనిని ఇన్నేళ్లుగా "ఆ అంటించడాలు" అంటారు. మూడో పలక దగ్గర మాత్రం ఆగారు. చార మీద చెయ్యి పెట్టారు. తర్వాత చెయ్యి పైకి జరిపారు.

"మా ఇంట్లో ఇంకో జానెడు పైకమ్మా. మాది పల్లం కదా."

పెన్సిల్ తెచ్చి ఆవిడ వేలున్న చోట సన్నగా ఒక గీత గీశాను. పిన్నిగారు పెరుగు గిన్నె అక్కడే పెట్టేసి, ఎదురింటి వాళ్లని పిలుచుకొస్తానని వెళ్లారు. సాయంత్రానికి ఏడు గీతలయ్యాయి. లారీ వాడికి ఫోన్ చేసి రేపు కాదు, ఎల్లుండి రమ్మన్నాను.